నైతిక విలువల కాన్ఫరెన్స్‌కి పేపర్ పంపాలా? బ్యాంకాక్ మెయిల్ నమ్మొచ్చా? (గుంటూరు, జడ్పీ హైస్కూల్)

బ్రాడీపేట సోషల్ టీచర్:

అందరికీ నమస్తే అండీ. గుంటూరు పక్కన ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను, పద్నాలుగేళ్ళ సర్వీసు, ఇంతవరకు ట్రైనింగులకి వెళ్ళడం తప్ప ఎక్కడా పేపర్ చదివింది లేదు. ఇప్పుడు ఒకేసారి రెండు వచ్చి పడ్డాయి. ఒకటి విజయవాడలో ఒక కాలేజీ వాళ్ళ రెండు రోజుల నేషనల్ సెమినార్, నైతిక విలువలు, పౌరసత్వ విద్య అని టాపిక్, రిజిస్ట్రేషన్ 800. రెండోది మెయిల్లో వచ్చింది, బ్యాంకాక్‌లో ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్ అంట, అదీ ఇదే టాపిక్, ఫీజు 350 డాలర్లు. డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్ అని మొదలెట్టారు, మా ఆయనకి చదివి వినిపిస్తే ప్రొఫెసర్ గారూ పాలు పొంగుతున్నాయి చూడండి అన్నాడు. చూద్దాంలే అని నాలుగు లైన్లు రాసి పంపా, రాత్రి పంపితే తెల్లారేసరికి యాక్సెప్టెడ్ అని వచ్చేసింది. సంతోషపడాలో భయపడాలో తెలియట్లేదు.

నా దగ్గర చెప్పడానికున్నది ఒకటే. మా బళ్ళో నిజాయితీ దుకాణం పెట్టాం, చాలా బళ్ళలో ఉండేదే, అమ్మేవాళ్ళు ఉండరు, పెన్నులు, పెన్సిళ్ళు, నోట్సులు, ఔట్‌లైన్ మ్యాపులు బల్ల మీద పెడతాం, పక్కన హుండీ, ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుని డబ్బులు వెయ్యాలి. నా జేబులోంచి 1500 పెట్టా. మొదటి నెల లెక్క చూస్తే 212 రూపాయలు తక్కువొచ్చింది. అసెంబ్లీలో తిట్టకుండా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి ఏం చేద్దాం అని అడిగా. సీసీ కెమెరా పెడదాం అన్నాడొకడు, ఇంకోడు లీడర్ని కూర్చోబెడదాం అన్నాడు, ఇంకోడైతే దొంగ దొరికితే టీసీ ఇచ్చెయ్యండి అన్నాడు (వాడి మీదే నాకు డౌటు). వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, డబ్బుల్లేని రోజు మ్యాపు కావాలంటే ఏం చెయ్యాలి టీచర్, మ్యాపు లేకపోతే మీరు బయట నిలబెడతారు కదా అంది. నాకు నోట మాట రాలా. నిజమే, నిలబెడతాను.

అక్కడినుంచి అప్పు పుస్తకం అని పెట్టారు పిల్లలే. పేరు రాసుకుని తీసుకెళ్ళొచ్చు, ఉన్నప్పుడు కట్టొచ్చు. మూడో నెల్లో లెక్క తేలనిది 14 రూపాయలే, అప్పు పుస్తకంలో మాత్రం 160 ఉంది. ఇది పేపర్ అయిద్దా అసలు? ఇంగ్లీషులో చదవాలంటే నాకు చెమటలు పడతాయి. ఆ మెయిల్ నిజమేనా? ఇలాంటి సభలకి వెళ్తే మనలాంటి టీచర్లకి ఏం ఒరిగిద్ది? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.


రీసెర్చ్ గోల:

మేడం, ముందు ఆ బ్యాంకాక్ సంగతి. డబ్బులు కట్టొద్దు, కట్టలేదు కదా? నేను నాగార్జున యూనివర్సిటీలో ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా, నా ఇన్‌బాక్స్‌కి వారానికి మూడొస్తాయి ఇలాంటివి. నాలుగు లైన్ల అబ్‌స్ట్రాక్ట్‌ని (పేపర్ సారాంశం) ఎవరైనా చదివితే కనీసం రెండు మూడు వారాలు పడుద్ది, చదివిన ఇద్దరు కామెంట్లు రాస్తారు, మీది తెల్లారేసరికి ఓకే అయిందంటే అవతల ఎవరూ చదవలేదని అర్థం. వాళ్ళ సైట్ ఓపెన్ చేసి చూడండి, అదే హోటల్లో అదే తేదీల్లో సివిల్ ఇంజనీరింగు, డెంటల్, విలువల విద్య అన్నీ పెట్టి ఉంటారు, కమిటీలో పేర్లు ఉంటే ఆ మనిషి పనిచేసే యూనివర్సిటీ పేజీలో ఈ కాన్ఫరెన్స్ ఊసుందేమో వెతకండి. విలువల మీద సభ పెట్టి జనం డబ్బులు కొట్టెయ్యడం, ఇంతకంటే మంచి కేస్ స్టడీ ఏముందండీ మీ తొమ్మిదో క్లాసుకి.

అసలువి లేవని కాదు. అసోసియేషన్ ఫర్ మోరల్ ఎడ్యుకేషన్ అని ఉంది, 1976లో మొదలైంది, ఏటా సభ పెడతారు, పిల్లల్లో నీతి ఆలోచన ఎట్లా ఎదుగుద్దో పరిశోధించిన అమెరికా సైకాలజిస్టు కోల్‌బర్గ్, ఆయన చుట్టూ ఉన్న పరిశోధకులు మొదలెట్టిన గుంపు. మన వైపు అయితే ఏషియా పసిఫిక్ నెట్‌వర్క్ ఫర్ మోరల్ ఎడ్యుకేషన్ ఉంది, ఏడాదికో దేశంలో పెడతారు. ఇక్కడికి యూనివర్సిటీ వాళ్ళతో పాటు బడి టీచర్లు కూడా వెళ్తారు. ఇండియాలో కంపారిటివ్ ఎడ్యుకేషన్ సొసైటీ వాళ్ళ సభ ఉంది, అందులో పౌరసత్వం, రాజ్యాంగం మీద సెషన్లు వస్తుంటాయి. ఇంకో సంగతి, పౌరసత్వ విద్య మీద ఐసీసీఎస్ అని పెద్ద సర్వే ఉంది, 2009, 2016, 2022లో చేశారు, ఎనిమిదో తరగతి పిల్లల్ని అడుగుతారు, మన దేశం అందులో లేదు. అంటే మన పిల్లలు ఏమనుకుంటున్నారో బయటోళ్ళకి తెలియాలంటే మీలాంటోళ్ళు చెప్పాల్సిందే.

ప్రభుత్వ టీచర్ కాబట్టి దేశం దాటాలంటే డిపార్ట్‌మెంట్ పర్మిషన్ ముందే తెచ్చుకోవాలి, అది మర్చిపోయి టికెట్ కొనేరు. నా ఓటు విజయవాడకే, బస్సు ఖర్చుతో అయిపోయిద్ది.


పటమట కుర్రోడు:

విజయవాడకే ఓటు అంటే ఒక మాట చెప్పనివ్వండి. పోయినేడు మా కాలేజీ తరఫున ఇలాంటిదే ఒక విలువల సెమినార్‌కి వెళ్ళా, ఏ కాలేజీ అని అడగొద్దు. పది గంటలకి అన్నారు, ముఖ్య అతిథి పదకొండున్నరకి వచ్చారు, జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, బొకేలు, శాలువాలు, సావనీర్ ఆవిష్కరణ, ఒక్కొక్కరూ సమయాభావం వల్ల రెండు మాటలే అంటూ ఇరవై నిమిషాలు. కీనోట్ అయ్యేసరికి 1:10. లంచ్ మాత్రం అదిరింది, గోంగూర, ఉలవచారు, ఆ విషయంలో అబద్ధం చెప్పను. మూడింటికి పేపర్లు మొదలెట్టారు, మనిషికి ఐదు నిమిషాలు, వినేది ఎవరయ్యా అంటే మన తర్వాత చదవాల్సినోళ్ళు, వాళ్ళు కూడా మన మాట వినరు, వాళ్ళ స్లైడ్లు చూసుకుంటుంటారు. నాలుగున్నరకి అందరూ సర్టిఫికెట్ టేబుల్ దగ్గర క్యూ. సమయపాలన ఒక నైతిక విలువ అని చదివిన సార్ సర్టిఫికెట్ తీసుకుని బందరు ప్యాసింజర్ కోసం స్టేషన్‌కి పరిగెత్తాడు, నేనే బండి మీద దింపా.

అసలు ఈ మోరల్ పీరియడ్ అంటేనే నాకు మంట. మా చిన్నప్పుడు టైంటేబుల్లో ఉండేది, లెక్కల సార్ లాక్కునేవాడు సిలబస్ అవ్వలేదని. ఎప్పుడైనా జరిగిందంటే చేతులు కట్టుకుని కూర్చోండి, నిశ్శబ్దం, పెద్దలని గౌరవించండి. ఎవరి నీతి, ఎవరు చెప్పాలి, ఎవరు వినాలి? మా పటమటలోనే గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది, దేవుడి ప్రసక్తి లేకుండా నీతి గురించి ఎప్పట్నుంచో మాట్లాడుతున్నారు, ఈ సెమినార్ల వాళ్ళు ఒక్కసారైనా అక్కడి మనిషిని పిలిచారా?

మేడం మీ దుకాణం కథ బాగుంది కానీ ఒక డౌటు. ఏమనుకోకండి. 212 తగ్గి 14కి వచ్చింది అంటున్నారు, పక్కన 160 అప్పుంది. పిల్లలకి నిజాయితీ వచ్చినట్టా, ఎగ్గొట్టడానికి అప్పు అని పేరొచ్చినట్టా?


బ్రాడీపేట సోషల్ టీచర్:

అబ్బ. ఈ ప్రశ్న మూడు రోజుల నుంచి నేనే వేసుకుంటున్నా తమ్ముడూ, మీరు బయటికి అనేశారు. 160లో కట్టాల్సినోళ్ళు పదకొండు మంది, అందులో ఎనిమిది మంది నెలాఖరులో ఎంతో కొంత కట్టారు, ముగ్గురు అసలు కట్టలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరి అమ్మానాన్న మిర్చి కోతలకి వెళ్ళారు, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉంటున్నారు. మూడో పేరు... తర్వాత చెప్తాలెండి, నవ్వుతారు.


రిటైర్డ్ డైట్ మాస్టారు:

అమ్మా, నేను డైట్‌లో, అంటే టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, సైకాలజీ చెప్పి రిటైరైనవాడిని, ఈ ఫోన్లో టైప్ చేయడం నాకు కష్టం, తప్పులుంటే సర్దుకోండి. ఆ కుర్రాడి కోపంలో న్యాయం ఉంది, అయితే ఆ మోరల్ పీరియడ్ ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. స్వతంత్రం వచ్చాక ఇదో పెద్ద చిక్కు, రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు, మరి నీతి ఎట్లా చెప్పాలి అని. 1959లో శ్రీప్రకాశ కమిటీ వేశారు. తర్వాత 1964-66 కొఠారీ కమిషన్ వారానికి ఒకటి రెండు పీరియడ్లు విలువలకి కేటాయించమంది, లెక్కల సార్ లాక్కున్నది అదే పీరియడ్. 1999లో చవాన్ కమిటీ సత్యం, ధర్మం, శాంతి, ప్రేమ, అహింస అని ఐదు విలువలు చెప్పింది. మతాల గురించి చెప్పడం వేరు, మతబోధ వేరు అనే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2002లో తీర్పు వచ్చింది. 2024లో మన రాష్ట్రంలో చాగంటి కోటేశ్వరరావు గారిని విద్యార్థుల నైతిక విలువలకి సలహాదారుగా పెట్టారు. అరవై ఏళ్ళకి పైగా పైనుంచి ఎవరు చెప్పాలి అనే దగ్గరే తిరుగుతున్నాం, పిల్లాణ్ణి అడిగింది తక్కువ.

నువ్వు అడిగావమ్మా, అందుకే నీది పేపర్ అవుతుంది.

బీఈడీలో కోల్‌బర్గ్ చదివే ఉంటావు, మూడు స్థాయిలు ఆరు దశలు అని పరీక్షకి బట్టీ కొట్టి మర్చిపోయే ఉంటావు (నా దగ్గర చదివినవాళ్ళందరూ అంతే). హైన్జ్ కథ గుర్తుందా, భార్య క్యాన్సర్‌తో ఉంది, మందు కొట్టువాడు 2000 డాలర్లు అడుగుతాడు, ఇతని దగ్గర సగమే పోగయ్యాయి, దొంగతనం చేయాలా వద్దా. మీ బళ్ళో ఆ పిల్ల అడిగింది అదే ప్రశ్న, మందు బదులు మ్యాపు. కాకపోతే ఒక తేడా ఉంది చూడు. హైన్జ్ కథలో పిల్లలకి ఇచ్చింది రెండే దారులు, దొంగిలించు, లేదా మానుకో. మీ పిల్ల మూడో దారి అడిగింది, అసలు ఈ పరిస్థితి ఎందుకొచ్చింది, మీరు బయట నిలబెడతారు కాబట్టి కదా అని. కోల్‌బర్గ్ మొదటి పరిశోధన మొత్తం మగపిల్లల మీదే, దాని మీద కారల్ గిలిగన్ అనే సైకాలజిస్టు 1982లో గట్టిగా ప్రశ్నించింది, నియమం ఏం చెప్తోంది అన్నది ఒక్కటే నీతి కాదు, ఎదుటిమనిషికి ఏమవుతోంది అని చూడటం కూడా నీతే అని. ఈ ఒక్క ముక్క దగ్గర నీ పేపర్ నిలబడుతుంది, మిగతా అంతా పక్కన పెట్టు.

ఇంకో సంగతి కూడా చెప్పి ఆపుతాను. కోల్‌బర్గ్ తర్వాత తర్వాత తనే కథలు అడగడం చాలదనుకుని 1974లో అమెరికాలో కేంబ్రిడ్జి ఊళ్ళో క్లస్టర్ స్కూల్ అని ఒక బడిలో చేసి చూశాడు, బడి నియమాలు పిల్లలు టీచర్లు కలిసి కూర్చుని తీర్మానించడం, మనిషికొక ఓటు, హెడ్మాస్టరుకైనా ఒకటే. అక్కడ కూడా దొంగతనాల మీదే మీటింగులు జరిగాయి. ఇది తెలియకుండానే నువ్వు అదే చేశావు. పోల్చి రాయి, గొప్పలకి కాదు, ఎక్కడ తేడా పడిందో చెప్పడానికి.


రీసెర్చ్ గోల:

మాస్టారూ మీరు ఇప్పుడు కూడా క్లాసు తీసుకుంటే మేమంతా వచ్చి కూర్చుంటాం. మేడం, పటమట అన్న అడిగిన డౌటు ఉంది చూడండి, దాన్ని దాచకండి, దాన్నే మీ పేపర్లో ప్రశ్నగా పెట్టండి. మన సెమినార్లలో వచ్చే పేపర్లన్నీ ఎలా ఉంటాయంటే, విలువలు పడిపోతున్నాయి, మొబైల్ వల్ల పాడైపోతున్నారు, కాబట్టి విలువల విద్య అవసరం, అయిపోయింది. పిల్లాడు ఒక్కడు కూడా కనపడడు అందులో. మీరు 14, 160 రెండూ చెప్పి ఇందులో ఏది నిజాయితీ అని అడిగితే ఆ హాల్లో నిద్రపోయేవాడు కూడా లేస్తాడు. ఆ, పబ్లికేషన్ కావాలంటే మా జర్నల్ యూజీసీ కేర్ లిస్టులో (యూజీసీ గుర్తించిన జర్నళ్ళ జాబితా) ఉంది అని వచ్చి డబ్బులడిగే బ్యాచ్ ఉంటారు, ఆ లిస్టునే 2025లో తీసేశారు, ఆ మాట చెప్పి పంపించెయ్యండి.


మంగళగిరి తెలుగు పండిట్:

అక్కా నేను రెండు సెమినార్లలో చదివా, రెండూ తెలుగులోనే చదివా. బ్రోచర్లో ఇంగ్లీష్ లేదా తెలుగు అని ఉంటే హాయిగా తెలుగులో చదవండి, లేకపోతే ఫోన్ చేసి అడగండి, ఒప్పుకుంటారు చాలాచోట్ల. ముందు తెలుగులో రాసుకుని తర్వాత అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటి ఇంగ్లీషులో పెట్టండి, 250 మాటలు, అంతే. మొదట ఇంగ్లీషులో ఆలోచిస్తే మన పిల్లల మాటలు చచ్చిపోతాయి అందులో, బయట నిలబెడతారు కదా టీచర్ అన్న మాటని ఇంగ్లీషులో ఎట్లా రాస్తారు చెప్పండి.

పదిహేను నిమిషాలు ఇస్తాం అని రాస్తారు, ఆరు నిమిషాలకే రెడీ అవ్వండి. మొదటి నిమిషంలోనే దుకాణం బల్ల మీద పెట్టెయ్యండి, విలువ అనగానేమి అని మొదలెడితే చైర్ పర్సన్ బెల్లు కొట్టేసరికి ఇంకా నిర్వచనంలోనే ఉంటారు. నేను మొదటిసారి వేమన, సుమతి శతకం, పెద్ద బాలశిక్ష అని ఉపోద్ఘాతంలోనే ఈదుతా ఉండిపోయా, అసలు సంగతి చెప్పనేలేదు, ఇప్పటికీ సిగ్గేస్తది.

ముఖ్యమైంది ఇంకోటి, పిల్లల పేర్లు, ఫొటోలు వద్దు. అప్పు పుస్తకం పేజీ ఫొటో తీసి స్లైడ్‌లో పెట్టాలనిపిస్తది, పెట్టకండి, కట్టనోడి పేరు విజయవాడలో స్క్రీన్ మీద పడితే వాడి గతేంటి. పిల్లల్ని, ఇంట్లోవాళ్ళని అడిగి, మీ సంగతి ఇట్లా చెప్తున్నా పేరు లేకుండా అని ఒప్పుకున్నాకే రాయండి. హెచ్‌ఎం గారికి కూడా లెటర్ పెట్టి ఓడీ (ఆన్ డ్యూటీ) అడగండి, ఇవ్వకపోతే సీఎల్ (క్యాజువల్ లీవు), రెండో శనివారం చూసుకోండి.


రిటైర్డ్ డైట్ మాస్టారు:

ఒకటి మరిచాను. పౌరసత్వం అని కూడా ఉంది కదా టాపిక్‌లో. సోషల్ టీచర్‌వి, ప్రాథమిక విధులు చెప్తావు, 42వ సవరణ, 1976. ఎమర్జెన్సీ రోజుల్లో వచ్చాయి, పది విధులు, 2002లో పిల్లల చదువు గురించి ఇంకొకటి కలిపి పదకొండు. పిల్లలు పదకొండూ అప్పజెప్తారు. ఇప్పుడు పన్ను కట్టడం ఎన్నో విధి అని అడిగి చూడు, సగం క్లాసు ఏదో ఒక నెంబరు చెప్తుంది. అందులో లేనే లేదు. ఈ విధులు ఉండాలని సిఫారసు చేసిన స్వరణ్ సింగ్ కమిటీ పెట్టమంది, చివరికి పెట్టలేదు. జాతీయోద్యమ ఆదర్శాలని గౌరవించి పాటించడం మాత్రం ఉంది, రెండోదే అది. మన జిల్లాలో ఆ ఉద్యమం అంటే ఏమిటి? పెదనందిపాడు. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో ఊళ్ళకి ఊళ్ళు పన్ను కట్టం అన్నాయి, శాంతి సేన అని కుర్రాళ్ళు కాపలా తిరిగారు, గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. మరి మంచి పౌరుడంటే చెప్పిన మాట వినేవాడా, కాదనగలిగినవాడా? గుంటూరు పిల్లల్ని బస్సెక్కించి పెదనందిపాడు తీసుకెళ్ళి ఈ ప్రశ్న అడిగితే వచ్చే ఏడాదికి రెండో పేపర్.


పటమట కుర్రోడు:

మాస్టారూ ఇది మా సోషల్ సార్ చెప్పి ఉంటే నేను ఇంజనీరింగ్‌కి వెళ్ళేవాణ్ణి కాదు. సరే మేడం, నా మాట వెనక్కి తీసుకోను కానీ, సెమినార్ మాత్రం అట్లానే ఉండిద్ది, గోంగూరతో సహా. మీరు చదివే రోజు చెప్పండి, వినడానికి ఒక్కడైనా ఉండాలిగా, బెంజి సర్కిల్ దగ్గరే ఉంటా, వస్తా. వచ్చి అదే డౌటు మైకులో అడుగుతా, రెడీగా ఉండండి. ఇంతకీ ఆ మూడో పేరు ఎవరిది?


బ్రాడీపేట సోషల్ టీచర్:

అందరికీ చాలా థ్యాంక్సండీ, మాస్టారి పోస్టులు ప్రింట్ తీసి స్టాఫ్‌రూంలో పెట్టా. బ్యాంకాక్ వాళ్ళకి రానని రాశా, వెంటనే 100 డాలర్లు తగ్గించారు, ఇప్పుడు నన్ను సెషన్ చైర్ కూడా చేస్తారంట. బ్లాక్ చేశా.

విజయవాడకి అబ్‌స్ట్రాక్ట్ రాస్తున్నా, తెలుగులో. మొదటి వాక్యం ఇట్లా పెట్టా: మ్యాపు తేని పిల్లల్ని నేను పద్నాలుగేళ్ళుగా క్లాసు బయట నిలబెట్టాను, ఈ ఏడాది ఒక పిల్ల దానికి కారణం అడిగింది. బాగుందా, మరీ నన్ను నేను తిట్టుకున్నట్టుందా? మిర్చి కోతలకి వెళ్ళిన వాళ్ళ పిల్లల అమ్మమ్మలని అడిగా, పేరు లేకుండా అయితే రాసుకోమన్నారు, ఒకావిడైతే అప్పెంత అని అడిగి కొంగుముడి విప్పబోయింది, వద్దని ఆపా. ఆపడం తప్పేమో అని ఇంటికొచ్చాక అనిపించింది, పిల్లాడు కట్టాల్సింది కదా అని ఆపా గానీ ఆవిడ మర్యాద సంగతి ఆలోచించలా. ఇది కూడా రాయనా మాస్టారూ?

మూడో పేరు మా హెచ్‌ఎం గారిది. రెండు పెన్నులు, 20 రూపాయలు, ఆయనే సంతకం పెట్టి తీసుకున్నారు, మర్చిపోయారు. నిన్న ఓడీ లెటర్ పట్టుకెళ్ళి, సార్ మీ సంగతి కూడా పేపర్లో రాయొచ్చా, పేరు రాయను అన్నా. రాసుకోండమ్మా, కాకపోతే నన్ను ముందు ఆ 20 కట్టనివ్వండి అన్నారు. ఓడీ ఇచ్చారు. 20 ఇంకా హుండీలో పడలేదు.